అరగని నల్ల చెప్పులు

మా మేనకోడలికి ఈమధ్య కొండలెక్కే సరదా పట్టుకుంది. పోయిన నెల ఇంటికొచ్చి, పెట్టె విప్పి, ఇంతలేసి బూట్లు రెండు నా ఒళ్ళో పెట్టింది. "మామయ్యా, జన్మంతా చెప్పులు కుట్టినవాడివి కదా, నువ్వు చెప్పు. వీటితో పది రోజులు కొండల్లో నడిస్తే ఉంటాయా, ఊడతాయా? ఎన్ని కిలోమీటర్లు వస్తాయి?" అంది. అడుగు వంచి చూశాను, గోటితో గీరి చూశాను, అలవాటు కొద్దీ వాసన కూడా చూశాను. "నడిచేవాళ్ళని బట్టి ఉంటుందమ్మా" అన్నాను. దానికి ఒళ్ళు మండింది. "ఇదేం జవాబు మామయ్యా, ఆ ముక్క నాకూ తెలుసు" అని బూట్లు లాక్కుని వెళ్ళిపోయింది.

నేను తప్పించుకోవడానికి అన్న మాట కాదది. సరిగ్గా ఇదే ప్రశ్న ఎనభైల్లో నన్ను ఒక డాక్టరమ్మగారు అడిగారు. దానికి జవాబు వెతుక్కుంటూ దర్శి అవతల నుంచి కొత్తపట్నం సముద్రం దాకా కాలినడకన పోయాను. ఆ సంగతే రాస్తున్నాను. మీలో పనికి కొత్తవాళ్ళు సరదాగా చదవండి. పనిలో మంచిపేరు వచ్చేసినవాళ్ళు మాత్రం కాస్త జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే అప్పటికి నాకు చాలా మంచిపేరు ఉంది.

నేను పనిచేసింది గుంటూరు జిల్లాలో మిషను వాళ్ళ కుష్ఠు ఆస్పత్రిలో. ఊళ్ళో జనం పెద్దరోగం ఆస్పత్రి అనేవాళ్ళు. మా నాన్న పల్లెలో చెప్పులు కుట్టేవాడు. నేను నాలుగు అక్షరాలు నేర్చుకుని అదే పని జీతానికి చెయ్యడానికి ఆస్పత్రిలో చేరాను. అందరూ మేస్త్రీ అనేవాళ్ళు.

ఆ పని ఎందుకంత ముఖ్యమో ఒక్క మాట చెప్పాలి. ఆ రోగం మందులతో పోతుంది. కానీ కాళ్ళల్లో ఒకసారి చచ్చిపోయిన స్పర్శ తిరిగి రాదు. ముల్లు దిగినా తెలీదు, నిప్పు తొక్కినా తెలీదు. నొప్పి లేదు కాబట్టి ఆ కాలితోనే మైళ్ళకు మైళ్ళు నడుస్తారు. చిన్న బొబ్బ పుండవుతుంది, పుండు ఎముక దాకా పోతుంది, ఆఖరికి కాలు తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని వాళ్ళ కోసం ప్రత్యేకంగా చెప్పులు కుట్టేవాళ్ళం. లోపల మెత్తటి నల్ల రబ్బరు. కింద సన్నటి గళ్ళున్న గట్టి రబ్బరు. పైన వెడల్పాటి నల్ల తోలు పట్టీలు, మడమ వెనక ఒక పట్టీ, బకిల్. మేకు అన్నది ఒక్కటి ఉండకూడదు. మేకు లేస్తే మనకైతే చురుక్కుమంటుంది, వాళ్ళకి రక్తం కారేదాకా తెలీదు. అంతా జిగురు, కుట్టు.

నా దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. ఎవరికి ఏ తారీఖున ఇచ్చాం, ఎన్నాళ్ళు వచ్చాయి, కాలు ఎలా ఉంది అని గళ్ళు. నేను మేస్త్రీ కాకముందు జత ఆరు నెలలు వస్తే గొప్ప. నా చేతికి పని వచ్చాక ఏడాది దాటడం మొదలెట్టాయి. పద్నాలుగు నెలలు, పదహారు నెలలు! పైఆఫీసు నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. మా ఆవిడ దాన్ని అద్దం కట్టించింది. ఇక చూడండి నా వాలకం. మద్రాసులో నేర్చుకొచ్చినవాళ్ళు కూడా నా కుట్టు ముందు బలాదూర్ అనుకునేవాణ్ణి. అనుకోవడమేమిటి, బయటికే అనేవాణ్ణి.

డాక్టరమ్మగారు మాది కాని ఊరి నుంచి కొత్తగా వచ్చారు. మాట తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. ఒకరోజు నన్ను పిలిచి ఒక చెప్పుల జత బల్ల మీద పెట్టారు.

"మేస్త్రీ, ఇది నీ కుట్టేనా?"

"నాదేనండి. పదకొండు నెలలైంది. చూడండి, అడుగున గళ్ళు కూడా చెరగలేదు" అన్నాను, ఛాతీ పొంగించి.

"బాగుంది. ఇప్పుడు ఇటు చూడు" అని పక్కన బెంచీ మీద కూర్చున్న ఆవిడ కాలు చూపించారు. ఎడమ పాదం కింద, బొటనవేలి మొదట్లో పుండు. అదే చోట మూడోసారి. "పదకొండు నెలలు నడిచిన చెప్పు కొత్తగా ఉంది. దాన్ని వేసుకున్న కాలు పుండైంది. రెంటిలో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏది?"

నేను కాలు వైపే చూశాను. నా చెప్పు అబద్ధం చెబుతుందని నేనెందుకు ఒప్పుకుంటాను?

ఆ బెంచీ మీద ఆవిడ బైబిలు స్త్రీ. అంటే సంఘం తరఫున పల్లెపల్లెకీ నడిచి వెళ్ళి, ఆడవాళ్ళని కూర్చోబెట్టి వాక్యం చదివి, పాటలు నేర్పి, జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేసి వచ్చే మనిషి. ఊరు దర్శి అవతల. రోగం నయమై చాలా ఏళ్ళైంది. చేతులు, ముఖం చక్కగా ఉన్నాయి. పాదాలే మొద్దుబారాయి. నలభై లోపు వయసు, సన్నటి మనిషి, గొంతు మాత్రం పొలం అవతలికి వినపడేది.

"వేసుకుంటానే ఉన్నానండి డాక్టరమ్మా. ప్రమాణం చెయ్యకూడదు గానీ, చెయ్యమంటే చేస్తా" అందావిడ.

"ఇంకోసారి ఇక్కడ పుండు పడితే ఎముక పాడవుతుంది. అప్పుడు పాదం తీసెయ్యడం తప్ప నేను చేసేదేం లేదు" అన్నారు డాక్టరమ్మగారు.

"పాదం లేకపోతే నేను బైబిలు స్త్రీని ఎట్టా అవుతానండి? కూర్చున్న చోటుకి ఎవరొస్తారు నా కాడికి?" అని, ఆవిడ మొదటిసారి కళ్ళు దించుకుంది.

పుండు మానడానికి రెండు నెలలు ఆస్పత్రిలోనే ఉంచారు. మానిన వారం రోజులకే ఆవిడ ఇంకో బాంబు పేల్చింది. మిరప కోతలు అయ్యాక, ఏటా వాళ్ళ ఊరి నుంచి కొత్తపట్నం దాకా ఊరూరా ఆగుతూ నడుస్తుందట. యాభై మైళ్ళ పైచిలుకు. ఈ ఏడూ మానదట. డాక్టరమ్మగారు బస్సులో వెళ్ళమన్నారు. "బస్సు పల్లెల్లో ఆగదండి. కళ్ళాల కాడ ఆడవాళ్ళు బస్సెక్కి నా కాడికి రారు గదా" అంది.

డాక్టరమ్మగారు ఆవిడ పాదాన్ని ఇంకోసారి తిప్పి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. "మేస్త్రీ, ఈ చెప్పులు ఎన్ని మైళ్ళు వస్తాయి?"

"ఏడాది పైనే వస్తాయండి."

"నేను నెలలు అడగలేదు. మైళ్ళు అడిగాను."

చెప్పు తిరగేసి చూశాను. తొమ్మిదేళ్ళుగా కుడుతున్నాను, ఆ లెక్క నాకెప్పుడూ తట్టలేదు.

"అయితే నువ్వూ నడు. ఇద్దరికీ ఒకే రబ్బరు, ఒకే రోజు కుట్టిన కొత్త జతలు. రోజూ సాయంత్రం రెండు జతలూ చూడు, ఆమె కాలు చూడు. పాదంలో ఎక్కడైనా వేడి కనిపిస్తే నడక ఆపి తీసుకొచ్చెయ్" అన్నారు. మొద్దుబారిన కాలికి నొప్పి బదులు వేడే సాక్ష్యం. పుండు పడబోయే చోట చెయ్యి వేస్తే ముందే వెచ్చగా తగులుతుంది.

అట్లా ముగ్గురం బయల్దేరాం. ఆవిడ, తోడుగా వాళ్ళ వదిన, నేను. వదినగారికి యాభై దాటాయి, నోటికి అడ్డూ అదుపూ లేదు. మొదటి పది నిమిషాల్లోనే నన్ను ఎగాదిగా చూసి, "ఏందయ్యా, చెప్పులకి కాపలాగా మనిషిని పంపిచ్చారా మీ ఆస్పత్రోళ్ళు? దీనికన్నా ఇంకో జత పంపిస్తే మోసుకోడానికన్నా తేలిగ్గా ఉండేది గదా" అంది. ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది. "మేస్త్రిగారూ, దోవలో ఎవరన్నా అడిగితే ఏ ఆస్పత్రో చెప్పమాకండి. మా అన్న వరస అని చెబుతా." నేను సరేనన్నాను. ఎందుకో అడగలేదు.

మార్చి ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. రోడ్డుకి రెండు వైపులా నల్లరేగడి. పత్తి తీసేసిన చేలల్లో మోళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. మిరప కళ్ళాలు మాత్రం ఎర్రగా నేల కనపడకుండా పరిచి ఉన్నాయి. గాలి తిరిగితే చాలు, ముగ్గురం కలిసి తుమ్మేవాళ్ళం. నేను ముందు నడిచేవాణ్ణి, వాళ్ళిద్దరూ వెనక. మగవాడు ముందు, ఆడవాళ్ళు నాలుగు బారలు వెనక, మా వైపు నడక అంతే. ఆ అలవాటే నా కళ్ళు మూసేసింది. ఆ సంగతి మాత్రం మూడో రోజుకి గానీ తెలీలేదు.

ఊరికి చేరేసరికి నేను ముందు వెళ్ళి చావడి దగ్గరో, చర్చి అరుగు మీదో కూర్చునే చోటు చూసుకునేవాణ్ణి. వాళ్ళు నిదానంగా వచ్చేవాళ్ళు. ఆవిడ ఇంటింటికీ, కళ్ళం కళ్ళానికీ తిరిగేది. కాయలు ఏరే ఆడవాళ్ళ మధ్య చతికిలబడి పాట ఎత్తుకుంటే, పని ఆగకుండానే వాళ్ళూ అందుకునేవాళ్ళు. ఒక ముసలమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "నువ్వొస్తే నా కోడలు కూడా నాతో మాట్టాడద్దే తల్లీ" అనడం నేను కూర్చున్న చోటికే వినపడింది. మళ్ళీ ఊరు దాటి మైలురాయి దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ఆవిడ కాళ్ళకి చెప్పులు శుభ్రంగా ఉండేవి. మైలురాయికో గీత చొప్పున నోటుబుక్కులో గీసుకునేవాణ్ణి.

మొదటి సాయంత్రం కాలు చల్లగానే ఉంది. రెండో సాయంత్రం బోరింగు దగ్గర కాళ్ళు కడిగించి, చేతి వెనక వైపుతో పాదమంతా తడిమి చూశాను. బొటనవేలి మొదట్లో, పాత మచ్చ పక్కన, కొద్దిగా వెచ్చన. చెప్పులు తిరగేశాను. నా అడుగున మడమ దగ్గర గళ్ళు అప్పుడే కొంచెం నున్నబడ్డాయి. ఆవిడవి బొటనవేలితో తడిమితే గరగరా తగులుతున్నాయి. లోపలి రబ్బరులో నా వేళ్ళ గుంటలు చింతగింజ నిలిచేంత పడ్డాయి, ఆవిడవి సగం కూడా లేవు. ఒకే రబ్బరు, ఒకే దారి, ఒకే మైళ్ళు!

"నేను బరువు కదా, అందుకని" అనుకున్నాను. కానీ బరువు లేని మనిషి కాలు ముందు వేడెక్కడం ఏమిటి? పట్టీ బిగువేమోనని ఒక రంధ్రం వదులు చేశాను. జిగురు గట్టిపడిందేమోనని వంచి చూశాను. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. వదినగారు మాత్రం, "ఎంత గీకినా చెప్పు మాట్టాడద్దా నాయనా, మనిషినడుగు" అంది. ఆవిడ "వదినా!" అని గదిమింది. ఆ మాట నాకు చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు. తెల్లారి వేడి తగ్గింది కాబట్టి, నిదానంగా నడుద్దామని బయల్దేరాం.

మూడో రోజు పదిగంటల వేళ రోడ్డు పక్క ఒక ఊరు. ముందుగా చేరాను. టీకొట్టు బెంచీ మీద కూర్చోబోతుంటే కొట్టతను నా కాళ్ళ వైపు చూశాడు. చూసి, చేతిలో గ్లాసు అక్కడే పెట్టేశాడు.

"ఏ ఊరయ్యా మీది?"

చెప్పాను.

"కూర్చోమాక. ఆ కాలవ అవతల నిలబడు. కొబ్బరి చిప్పలో పోసిస్తా."

ఒక్క నిమిషం అర్థం కాలేదు. కులం చూసి గ్లాసు వేరు పెట్టే కొట్లు నేను చూడనివి కావు, చిన్నప్పటి నుంచీ చూసినవే. ఇది అది కాదు. ఇతను నా కులం అడగలేదు, పేరు కూడా అడగలేదు. నా కాళ్ళ వైపే చూస్తున్నాడు. పక్కన కూర్చున్న ఇద్దరు అప్పటికే లేచి దూరంగా జరిగారు.

"ఏందీ, ఎందుకు నిలబడాలి?" అన్నాను.

"ఎందుకేందయ్యా, ఆ నల్ల చెప్పులు చూస్తే తెలీదా? పెద్దరోగం ఆస్పత్రి చెప్పులు గాదూ అవి? మైలు దూరం నించే ఆనవాలు పట్టొచ్చు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. నిజమే. గట్టిగా, నలుగురూ వినేలా అరిచాను. "నాకే రోగమూ లేదు! నేను ఆ ఆస్పత్రిలో చెప్పులు కుట్టే మేస్త్రీని! ఇవి నేను కుట్టినవి! ఎట్టా ఉంటాయోనని ఏసుకు చూస్తన్నా, అంతే!"

కొట్టతని ముఖం విచ్చుకుంది. "అట్టా చెప్పొద్దూ! హడలగొట్టావు గదయ్యా. రా, కూర్చో, కూర్చో. పోయినేడు ఒకామె ఈ చెప్పులతో వస్తే కళ్ళం కాడికి కూడా రానీయలేదు మా వాళ్ళు" అని బెంచీ తుడిచి మరీ గాజుగ్లాసులో టీ పోశాడు. నేను కూర్చున్నాను. నా మాట నెగ్గిందన్న సంతోషంతో ఒక గుక్క కూడా తాగాను.

అప్పుడు తలెత్తి చూస్తే రోడ్డు మీద ఆవిడ నిలబడి ఉంది. నేనన్నదంతా విన్నదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కాళ్ళకి చెప్పులు లేవు. సంచీ ఉబ్బెత్తుగా ఉంది. అందులోంచి బైబిలు అంచు, దాని కింద నల్ల పట్టీ కొంచెం కనపడుతున్నాయి. కొట్టతను ఆవిడ కాళ్ళ వైపు చూశాడు. దుమ్ము కొట్టుకున్న ఒట్టి కాళ్ళు. "ఎండలో నిలబడ్డావేందమ్మా, రా, ఇట్టా బెంచీ మీద కూర్చో. ఒట్టి కాళ్ళతో నడుస్తన్నావు పాపం" అన్నాడు.

ఆవిడ వచ్చి కూర్చుంది. నాకూ ఆవిడకీ మధ్య జానెడు దూరం. టీ తీసుకుని నెమ్మదిగా తాగింది. నాకు మాత్రం రెండో గుక్క దిగలేదు. ఛీ, ఏం మనిషినిరా నేను అనిపించింది. నాకు రోగం లేదని అరిచి బెంచీ సంపాదించుకున్నాను. ఆవిడకి ఆ మాట అనే వీలు లేదు కాబట్టి, ఊరూరా చెప్పులు విప్పి, తన పాదం పెట్టి కొనుక్కుంటోంది అదే బెంచీని.

టీ డబ్బులిచ్చి లేచాం. ఈసారి నేను ముందు నడవలేదు. ఊరి పొలిమేరలో ఆవిడ తుమ్మచెట్టు కింద కూర్చుని సంచీలోంచి చెప్పులు తీసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇట్టా?" అన్నాను.

"ఇచ్చిన కాడి నించే. ఊరు రాంగానే తీసేస్తా, ఊరు దాటంగానే ఏసుకుంటా. మీకు అబద్ధం చెప్పలేదు మేస్త్రిగారూ, రోడ్డు మీద ఏసుకుంటానే ఉన్నా. కానీ నా నడక రోడ్డు మీద యాడుంది? ఊళ్ళో గదా అంతా. కళ్ళాలూ, దొడ్లూ, రాళ్ళ సందులూ."

"పోయినేడు కళ్ళం కాడికి రానివ్వందీ..."

"నన్నే. అప్పుడు మరిచిపోయి ఏసుకునే వచ్చా. ఈ కొట్టాయన గుర్తుపట్టలా. మనిషిని ఎవరు చూశారు, కాళ్ళే గదా చూసింది" అని ఆవిడ నవ్వింది. నిజంగానే నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

వదినగారు ఇక ఆగలేదు. "మేం తోళ్ళు కుట్టుకునే ఇంట్లోనే పుట్టాం గదయ్యా. నువ్వు కుట్టింది గట్టిదే, కాదన్లా. కానీ అన్నీ ఒకే నలుపు, ఒకే పట్టీ, ఒకే బకిలు. సంతలో పశువులకి ముద్ర ఏసినట్టు ఏశావు గదయ్యా మా పిల్లకి!"

నేను రోషపడదామనుకున్నాను. రోషం రాలేదు. చేతిలో ఉన్న ఆ గళ్ళు అరగని అడుగు వైపు చూశాను. పద్నాలుగు నెలలు, పదహారు నెలలు. అద్దం కట్టించిన ఉత్తరం. ఆ నెలల్లో ఎన్ని జతలు సంచుల్లో, ఇంటి చూరుల్లో, పెట్టెల్లో పడుకుని ఉన్నాయో! ఆ చెప్పులు వేసుకోవాల్సిన కాళ్ళు ఎక్కడెక్కడ తిరిగాయో! ఇన్నాళ్ళూ నేను నా పనితనం అనుకుని రిజిస్టరులో రాసుకున్నది వాళ్ళ భయాన్ని.

ఆ మధ్యాహ్నం చేరిన ఊళ్ళో వారపు సంత. పాదం మళ్ళీ వెచ్చబడింది, ఇంకో అడుగు వెయ్యడానికి లేదన్నాను. వాళ్ళని చర్చి అరుగు మీద కూర్చోబెట్టి సంతలో చెప్పుల దుకాణం వెతికాను. గుడ్డ పరిచి ఆడవాళ్ళ చెప్పులు పెట్టుకున్నాడొకతను. నాలుగు రకాలు పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"ఏ రంగు కావాలి?"

"ఎవరికండి?"

"నీకే అక్కా."

ఆవిడ నా వైపు, చెప్పుల వైపు మార్చిమార్చి చూసింది. "నన్నా? ఏ రంగని అడుగుతున్నారా?" అంది. చాలాసేపు తేల్చుకోలేకపోయింది. ఒకటి తాకి వదిలేసింది, ఇంకొకటి ఎత్తి వదినగారికి చూపించింది. చివరికి గోధుమరంగు పట్టీలకి ఎర్ర అంచు ఉన్న జత మీద చెయ్యి పెట్టింది. "ఎరుపు ఎక్కువ కనపడద్దేమో" అని తనే సందేహపడింది. "కనపడనియ్!" అంది వదినగారు.

దుకాణం దగ్గరకే పోయి కూర్చుని, ఆ కొత్త చెప్పుల పట్టీలు కత్తితో కోశాను. దుకాణదారు లబోదిబోమన్నాడు. "ఒరేయ్, కొత్త చెప్పులు కోస్తన్నాడ్రా ఈయన! పిచ్చా ఏంది?" అని పక్కవాణ్ణి పిలిచాడు. ఆవిడ జతకి నల్ల పట్టీలు విప్పేసి, ఆ రబ్బరు అడుగులకి వీటిని కుడుతుంటే చూసి కుదుటపడి, "రెండు మేకులు కొడితే అయిపోద్ది గదా, ఎందుకా తంటా?" అన్నాడు. మేకులొద్దని, తోలు కుట్టే నా ఆరె, దారం తీశాను. రబ్బరు మందం కనపడకుండా అంచు చుట్టూ అదే గోధుమరంగు పేలిక అతికించాను. వెనక పట్టీ తప్పదు, అది లేకపోతే మొద్దుకాలి నుంచి చెప్పు జారిపోయినా తెలీదు. దాన్ని సన్నం చేసి, పక్కన పువ్వులా ఒక ముక్క కుట్టి బకిల్ దాచేశాను. తొమ్మిదేళ్ళ పనిలో నేను కుట్టిన మొట్టమొదటి పువ్వు అది. కొంచెం వంకరగానే వచ్చింది.

మర్నాడు అక్కడే ఆగిపోయాం. పాదం చల్లబడింది, ఇక వెనక్కి తీసుకుపోవాల్సిన పని లేదనుకున్నాను. ఆ మరుసటి పొద్దున మళ్ళీ బయల్దేరాం. ఈసారి నేను వెనక నడిచాను. ఊరు వస్తోంది. ఆవిడ అడుగు నెమ్మదించింది, చెయ్యి అలవాటుగా చెప్పు వైపు వంగబోయింది. వదినగారు మోచెయ్యి పట్టుకుని లాగింది. చెప్పులతోనే ఊళ్ళోకి పోయాం. చెప్పులతోనే కళ్ళం అంచుదాకా పోయింది. కాయలు ఏరుతున్న ఒక పడుచు తలెత్తి, నేరుగా ఆవిడ కాళ్ళ వైపే చూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అక్కా, యాడ కొన్నావ్ ఆ చెప్పులు? ఒంగోల్లోనా?" అంది.

అబద్ధం ఆడని మనిషి కదా, ఆవిడ తడబడింది. తర్వాత నా వైపు చెయ్యి చూపి, "కొనలేదమ్మా. మా అన్న కుట్టిచ్చాడు" అంది.

కొత్తపట్నం చేరిన సాయంత్రం ఇసుక మొదలయ్యే చోట పడవ నీడన కూర్చుని చివరిసారి పాదం చూశాను. చల్లగా ఉంది. అడుగు తిరగేశాను. మడమ దగ్గర గళ్ళు చెరగడం మొదలెట్టాయి. జీవితంలో నా పని అరిగినందుకు నేను సంతోషించిన మొదటి రోజు అది. వదినగారు సముద్రం వైపు కూడా చూడకుండా, "ఏందయ్యా, చెప్పులు పాడైతే నవ్వుతున్నావు?" అంది.

తిరిగొచ్చి అంతా డాక్టరమ్మగారికి చెప్పాను, టీకొట్టు దగ్గర నేను అరిచిన అరుపుతో సహా. అది దాచుకుందామని బస్సులో అనుకున్నాను గానీ నోరు ఆగలేదు. డాక్టరమ్మగారు విని, "తొమ్మిదేళ్ళలో ఒక్కరినైనా ఏ రంగు కావాలని అడిగావా?" అన్నారు. లేదన్నాను. "నేనూ అడగలేదు. వేసుకుంటున్నారా అని మాత్రం అడిగాను" అన్నారు. మర్నాటి నుంచి నా పనిగదిలో గోధుమ, మెరూన్, ఆకుపచ్చ పట్టీలు వేలాడాయి. పాతవాళ్ళని పిలిపించి చూరుల్లోంచి జతలు తెప్పించాం. కొన్నిటికి పట్టీ వంగకుండా నేను లోపల పెట్టిన అట్టముక్క కూడా తియ్యలేదు. అవి చూస్తుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ఇక రిజిస్టరులో నా పరువు మంటగలిసింది. ఏడాది దాటే జతలు నాలుగు నెలలకి, మూడు నెలలకి దిగిపోయాయి. పైఆఫీసు నుంచి మళ్ళీ ఉత్తరం. నాణ్యత ఇంత పడిపోవడానికి మేస్త్రీ సంజాయిషీ ఇవ్వాలట. నాలుగు పేజీలు రాశాను. టీకొట్టు, సంత, మైళ్ళ లెక్క, నా కోపం, అన్నీ. డాక్టరమ్మగారు చదివి, "ఇంత ఎవరు చదువుతారు మేస్త్రీ? కుదించు" అన్నారు. కుదించడం నాకు చేతకాలేదు. కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

ఆ కూర్చున్న పూటే మా బైబిలు స్త్రీ వచ్చింది. ఎర్ర అంచు వెలిసిపోయింది. నా వంకర పువ్వు ఊడిపోయి దారం వేలాడుతోంది. బొటనవేలి కింద అడుగు అరిగి అరిగి చిల్లి పడింది. ఆ చెప్పులు విప్పి, ఏదో తప్పు చేసినదానిలా వెనక్కి పెట్టుకుని, "అరగదీశానన్నా. ఏం అనుకోమాక. యాడా తియ్యలా గదా, అందుకని" అంది.

పాదం చేతిలోకి తీసుకుని చూశాను. పాత మచ్చ ఉంది, దాని చుట్టూ చర్మం శుభ్రంగా ఉంది. చెయ్యి వెనక్కి తిప్పి తడిమాను. చల్లగా ఉంది.

రాసిన నాలుగు పేజీలు చింపేసి, కొత్త కాగితం మీద ఒక్క ముక్క రాశాను: 'అయ్యా, చెప్పులు ఇప్పుడు వేసుకుంటున్నారు.' డాక్టరమ్మగారు కింద సంతకం పెట్టారు. రిజిస్టరు తీసి, ఎన్నాళ్ళు వచ్చాయి అన్న గడిలో 'ఐదు నెలలు' అనీ, కాలు ఎలా ఉంది అన్న గడిలో 'బాగుంది' అనీ రాశాను. కళ్ళు మసకబారి అక్షరాలు కొంచెం వంకరపోయాయి.

ఆవిడ బెంచీ మీద నుంచి మెడ చాచి, గోడకి వేలాడుతున్న పట్టీల వైపు చూస్తోంది.

"ఈసారి ఆకుపచ్చ వెయ్యన్నా" అంది. "పువ్వు మాత్రం తిన్నగా కుట్టు."